సంబంధం లేదా, కనబడలేదా?

పరిశ్రమల పక్కన ఉన్న ఊళ్ల ఆరోగ్యం గురించి ఈ నెల పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఉత్తరాలను కుదించాము. వాటిలోని కర్మాగారాల పేర్లు, ఊళ్ల పేర్లు తీసివేశాము.

ప్రశ్న: మా ఊరు ఒక పారిశ్రామికవాడకు కిలోమీటరున్నర దూరంలో ఉంది. జనాభా మూడు వేలు. కిందటేడు ఆరుగురికి క్యాన్సర్ అని తేలింది. అధికారులు వచ్చి ఒక రోజు ఆరోగ్య శిబిరం పెట్టి, కాలుష్యానికీ జబ్బులకూ సంబంధం లేదని నివేదిక ఇచ్చారు. ఒక స్వచ్ఛంద సంస్థవారు ఇంటింటికీ తిరిగి, క్యాన్సర్ రెండింతలుందనీ, ఫ్యాక్టరీలే కారణమనీ అన్నారు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక మాజీ సర్పంచ్, సంగారెడ్డి జిల్లా

జవాబు: ఇద్దరూ తమ చేతిలో ఉన్న ఆధారం మోయగలిగిన దానికంటే పెద్ద మాటే అన్నారు. ముందు ఆ ఆరుగురి లెక్క చూద్దాం. మన దేశంలో ఏటా లక్ష జనాభాకు స్థూలంగా వంద మందికి కొత్తగా క్యాన్సర్ బయటపడుతున్నదని అంచనా. ఆ లెక్కన మూడు వేల జనాభా ఉన్న ఊళ్లో ఏడాదికి ముగ్గురు ఉండాలి కాబట్టి, ఆరుగురంటే రెండింతలే. అయితే జబ్బులు పంక్తిలో వడ్డించినట్టు ఊరూరికీ సమానంగా రావు. ఒక ఏడు ఒక్కరికే వస్తుంది, మరో ఏడు ఐదుగురికి వస్తుంది. ఏ కాలుష్యమూ సోకని మూడు వేల జనాభా గల ఊళ్లను తీసుకొని, సగటు ముగ్గురే అనుకొని సంభావ్యత లెక్క వేస్తే, ప్రతి పన్నెండు ఊళ్లలో ఒకదానిలో ఏ కారణమూ లేకుండానే ఆ ఏడు ఆరుగురో అంతకంటే ఎక్కువ మందో తేలుతారు. మీది ఆ పన్నెండో ఊరు కాదని ఒక్క ఏడాది లెక్కతో చెప్పలేము. అదే రెండింతల తేడా ఐదేళ్లు నిలిచి, పదిహేను మంది ఉండవలసిన చోట ముప్పై మంది తేలారనుకోండి, అది యాదృచ్ఛికంగా వెయ్యి ఊళ్లలో ఒకదానిలో కూడా జరగదు. నిష్పత్తి అదే, ఆధారం బలం మాత్రం పూర్తిగా వేరు.

సంఖ్యతో పాటు రకం కూడా చూడాలి. ఆరుగురిలో ఇద్దరికి నోటి క్యాన్సర్, ఒకరికి రొమ్ము క్యాన్సర్, మరొకరికి గర్భాశయ ముఖద్వారంలో అయితే వాటన్నిటికీ ఒకే కారణం వెతకడం కష్టం. నోటి క్యాన్సర్ విషయంలో పొగాకు నమలడం గురించి ముందుగా అడగవలసి ఉంటుంది. దీనికి భిన్నంగా, చాలా అరుదైన రకం ఒకే చోట ఇద్దరు ముగ్గురికి వచ్చినా అది బలమైన సూచనే. 1974లో అమెరికాలోని లూయీవిల్ నగరంలో, పీవీసీ తయారు చేసే ఒక కర్మాగారంలోని కొద్దిమంది కార్మికులకు యాంజియోసార్కోమా అనే అత్యంత అరుదైన కాలేయ క్యాన్సర్ వచ్చిందని గమనించడంతోనే, పీవీసీ తయారీలో వాడే వినైల్ క్లోరైడ్ వల్ల కలిగే ప్రమాదం లోకానికి తెలిసింది. అక్కడ వేలమంది లెక్క అవసరం కాలేదు.

ఇక శిబిరం సంగతి. ఒక రోజు శిబిరానికి ఎవరు వస్తారు? కూలికో డ్యూటీకో పోయినవారు రారు, మంచం పట్టినవారు రాలేరు, జబ్బు ముదిరి పట్నంలో పిల్లల దగ్గరికి చేరినవారూ చనిపోయినవారూ లెక్కలోకే రారు. రక్తపోటు, చక్కెర చూసి పంపే శిబిరంలో, పదేళ్లో ఇరవయ్యేళ్లో పట్టి పెరిగే జబ్బు దొరికే అవకాశం ఎంత? కాబట్టి ఆ నివేదిక నిజాయితీగా చెప్పగలిగింది “మేము చూసిన పద్ధతిలో సంబంధం కనబడలేదు” అని మాత్రమే. “సంబంధం లేదు” అన్నది వేరే వాక్యం. పెద్ద కన్నుల వలలో పరిగెలు పడలేదని, చెరువులో పరిగెలే లేవని ఎవరూ అనరు కదా. “లేదు” అనాలంటే, ఆ సంబంధం నిజంగా ఉండి ఉంటే తమ పరిశీలనలో అది తప్పక కనబడేదని ముందుగా చూపించాలి. ఎంతమందిని, ఎన్నేళ్లు, ఏ పరీక్షలతో చూశారో చెప్పకుండా “లేదు” అని తేల్చే నివేదికను నేను సగం నివేదికగానే చదువుతాను.

స్వచ్ఛంద సంస్థ సర్వేకు వేరే బలహీనత ఉంది. తమ నీరు చెడిపోయిందని తెలిసిన ఊళ్లో “దగ్గు ఉందా, దద్దుర్లు ఉన్నాయా” అని అడిగితే జనం గుర్తు తెచ్చుకొని మరీ చెబుతారు. ఆ బెడద లేని ఊళ్లో అదే దగ్గును మరిచిపోతారు. ఇందులో ఎవరి అబద్ధమూ లేదు, జ్ఞాపకం పనిచేసే తీరే అంత. అందుకే నోటిమాట కంటే ఆసుపత్రి కాగితం, బయాప్సీ రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం విలువైనవి. మీ ఊరిని దేనితో పోల్చారన్నది కూడా వారిని అడగండి. 2004లో పటాన్‌చెరు ప్రాంతంపై గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వెలువరించిన ఆరోగ్య సర్వే, వ్యర్థజలాల బారిన పడ్డ గ్రామాలను వాటికి దూరంగా ఉన్న గ్రామాలతో పోల్చింది. ఆ పోలికే దాని బలం. అయితే ఒకసారి ఊరంతా తిరిగి రాసుకున్న లెక్కలో జబ్బు ముందా, ఆ నీరు వాడటం ముందా అన్నది తేలదు కనుక, అలాంటి సర్వేను చివరి తీర్పుగా కాక, లోతైన అధ్యయనం జరగాలని కోరడానికి తగిన ఆధారంగా తీసుకోవడం సబబు.

ప్రశ్న: మా బోరు నీరు పరీక్ష చేయించాము. అన్నీ పరిమితిలోనే ఉన్నాయని రిపోర్టు వచ్చింది. కానీ నీటికి మందుల వాసన వస్తోంది. పశువులు కూడా మూతి తిప్పుకుంటున్నాయి. రిపోర్టు తప్పా?
— ఒక పాఠకురాలు, మేడ్చల్

జవాబు: రిపోర్టు తప్పు కాకపోవచ్చు. అది మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కాకపోవచ్చు. మామూలుగా చేసే తాగునీటి పరీక్షలో రంగు, ఉదజని సూచిక (పీహెచ్), కరిగిన లవణాలు, కాఠిన్యం, నైట్రేటు, ఫ్లోరైడ్, కోలిఫారం బ్యాక్టీరియా వంటివి చూస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేని చోట 2,000 వరకు అనుమతిస్తారు. మీ రిపోర్టులో 1,400 అని ఉన్నా “పరిమితిలోనే” అని రాయడానికి ఈ రెండో అంకె వీలు కల్పిస్తుంది. ఈ పరీక్షలేవీ మందుల అవశేషాలనుగానీ, ద్రావకాలను గానీ వెతకవు. వెతకనిది దొరకదు.

దీనికి పటాన్‌చెరు కంటే మంచి ఉదాహరణ ప్రపంచంలోనే తక్కువ. అక్కడి ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రానికి సుమారు తొంభై బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కర్మాగారాల నుంచి నీరు చేరేది. స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిలోనే మందుల కోసం ప్రత్యేకంగా వెతికి, 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని తేలింది. మన లెక్కలో చెప్పాలంటే, పదహారు లీటర్లు పట్టే ఒక్క బిందెడు నీటిలో డాక్టరు రాసే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కరిగినట్టు. ఆ మోతాదు కొన్ని రకాల బ్యాక్టీరియాకు హాని చేసే స్థాయి కంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. అన్నేళ్లుగా ఆ నీటికి పరీక్షలు జరగకపోలేదు. ఆక్సిజన్ అవసరాన్నీ, తేలియాడే ఘనపదార్థాలనూ కొలిచే మామూలు పరీక్షల్లో యాంటీబయాటిక్ కనబడే దారే లేదు. అదే బృందంలోని వారు, మరికొందరు కలిసి 2009లో, ఆ ప్రాంతపు చెరువుల్లోనూ గ్రామాల బావుల్లోనూ కూడా మందులు ఉన్నాయని చూపించారు. ఆ తర్వాత 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదించింది గానీ, 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు కనిపించకుండా పోయాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. నీటిలో మందు ఉందని రుజువు కావడం ఒక మెట్టు. అది మనిషి ఒంట్లోకి ఎంత చేరిందన్నది రెండో మెట్టు. చేరినది జబ్బు తెచ్చిందా అన్నది మూడోది. ఆ స్వీడన్ అధ్యయనం మొదటి మెట్టును గట్టిగా కట్టింది. ఆ నీరు కలిసే వాగు అడుగున ఉన్న మట్టిలోని సూక్ష్మజీవుల్లో, వాటిని మందులకు లొంగకుండా చేసే జన్యువులు పేరుకున్నాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. దానిని పట్టుకొని “మా నాన్నగారి కిడ్నీ జబ్బుకు ఇదే కారణం” అనడం మొదటి మెట్టు మీది నుంచి మూడో మెట్టుకు దూకడమే.

రిపోర్టును మళ్లీ చూస్తూ, “గుర్తింపు పరిమితికి దిగువ” అని రాసిన చోటల్లా ఆ పరిమితి ఎంతో అడగండి. సీసానికి ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము. 0.05 కంటే తక్కువను పట్టలేని యంత్రంతో చూసి “లేదు” అని రాస్తే ఆ మాటకు అర్థం లేదు. నమూనా ఎప్పుడు తీశారన్నదీ ముఖ్యమే. వ్యర్థాలు వానల్లోనూ రాత్రుళ్లూ వదులుతున్నారన్నది మీ అనుమానమైతే, ఎండాకాలం మధ్యాహ్నం తీసిన సీసా నీరు దాన్ని తేల్చలేదు. ఎదురు వైపు నుంచి కూడా ఆలోచించాలి. నీటిలో దోషం ఉన్నంత మాత్రాన అది ఫ్యాక్టరీదే కానక్కరలేదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో మన దేశంలోనే మొదటిసారిగా గుర్తించి వివరించిన ఫ్లోరోసిస్‌కు కారణం ఏ పరిశ్రమా కాదు, భూమిలోని రాళ్లే. మందుల వాసన మాత్రం రాళ్ల నుంచి రాదు కాబట్టి, మీ విషయంలో ద్రావకాల పరీక్ష చేయించడం సమంజసం.

ప్రశ్న: కంపెనీ డబ్బుతో జరిగిన అధ్యయనాన్ని నమ్మవచ్చా? ఉద్యమకారులు చేయించిన దానిని వారు కొట్టిపారేస్తున్నారు, వారిదాన్ని వీరు కొట్టిపారేస్తున్నారు.
— ఒక డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: డబ్బు ఎవరిదో తెలుసుకోవలసిందే. కానీ అది చదవడం మానేయడానికి సాకు కాకూడదు. కర్మాగారం వదిలిన పాదరసంతో జనం జబ్బుపడ్డ జపాన్‌లోని మినమాటా కథలో ఇది రెండు విధాలా కనిపిస్తుంది. అక్కడ అంతుచిక్కని నరాల జబ్బుతో రోగులు వస్తున్నారని 1956 మే 1న ఆరోగ్య కేంద్రానికి తెలియజేసినది సాక్షాత్తూ చిస్సో అనే రసాయనాల కంపెనీ ఆసుపత్రి అధిపతి, డాక్టర్ హజిమె హొసొకవా. 1959లో ఆయన ఆ కర్మాగారపు వ్యర్థజలాన్ని పిల్లులకు ఆహారంలో కలిపి పెట్టి చూశారు. 400 సంఖ్య వేసిన పిల్లికి సరిగ్గా ఆ రోగుల లక్షణాలే వచ్చాయి. కంపెనీ జీతం తీసుకుంటున్న వైద్యుడు, కంపెనీ ఆసుపత్రిలో చేసిన ప్రయోగం అది. శాస్త్రం దృష్ట్యా దానికి వంక పెట్టలేము. తప్పు జరిగిందల్లా ఆ ఫలితాన్ని దాచిపెట్టడంలో. అదే ఏడాది డిసెంబరులో కంపెనీ ఒక శుద్ధి యంత్రాన్ని ఆర్భాటంగా ప్రారంభించింది. సేంద్రియ పాదరసాన్ని తొలగించడానికి తయారు చేసిన యంత్రం కాదది. పాదరసమే కారణమని కుమమోటో విశ్వవిద్యాలయం వారు 1959లోనే చెప్పినా, ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది 1968లో. డాక్టర్ హొసొకవా తన పిల్లి గురించి ఆసుపత్రి మంచం మీద నుంచి కోర్టుకు వాంగ్మూలం ఇచ్చింది 1970లో.

కాబట్టి కంపెనీ అధ్యయనమని తెలిసినప్పుడు, నేను ముందుగా అడిగేది ఫలితం నచ్చకపోయినా ప్రచురించే హక్కు పరిశోధకులకు ఉందా అని. ఏమి కొలవబోతున్నామో, ఎలా విశ్లేషించబోతున్నామో మొదలుపెట్టకముందే రాసి పెట్టారా అన్నది రెండో ప్రశ్న. పేర్లు తొలగించిన మూల సమాచారాన్ని వేరేవారికి చూపుతారా అన్నది మూడోది. ఉద్యమకారుల అధ్యయనాన్నీ ఇవే ప్రశ్నలు అడగాలి. మూడింటికీ “అవును” అన్న కంపెనీ అధ్యయనాన్ని, మూడింటికీ “లేదు” అన్న ఉద్యమ అధ్యయనం కంటే ఎక్కువ నమ్ముతాను. ఇలా అన్నందుకు కొందరు మిత్రులు నొచ్చుకుంటారని తెలుసు.

ప్రశ్న: మా ప్రాంతంలో ఫ్యాక్టరీ పొగ, లారీల దుమ్ము, బీడీలు, కట్టెల పొయ్యిలు, పేదరికం అన్నీ కలిసి ఉన్నాయి. అలాంటి చోట ఫ్యాక్టరీ వాటా ఎంతో విడదీసి చెప్పడం అసలు సాధ్యమేనా?
— ఒక ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం

జవాబు: కష్టమే గానీ, అప్పుడప్పుడు పరిస్థితులే ప్రయోగశాల అవుతాయి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక లోయలో పెద్ద ఉక్కు కర్మాగారం ఉండేది. అక్కడివారు మతాచారం వల్ల పొగతాగడం చాలా తక్కువ. కార్మిక వివాదం కారణంగా ఆ కర్మాగారం 1986 ఆగస్టు నుంచి 1987 సెప్టెంబరు వరకు మూతపడింది, తర్వాత మళ్లీ తెరుచుకుంది. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఆసుపత్రుల రికార్డులు తిరగేసి చూస్తే, కర్మాగారం నడిచిన చలికాలాల్లో బ్రాంకైటిస్, ఉబ్బసం వంటి జబ్బులతో ఆసుపత్రిలో చేరిన పిల్లల సంఖ్య, అది మూతపడ్డ చలికాలంతో పోలిస్తే రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువగా ఉంది. మనుషులు వారే, ఇళ్లు అవే, వంట పద్ధతులు అవే. మారింది పొగ ఒక్కటే కాబట్టి, మీరు చెప్పిన చిక్కుముడి అక్కడ దానంతటదే విడిపోయింది. 1989లో వెలువడిన ఆ అధ్యయనంలో కొత్త యంత్రమేదీ వాడలేదు. ఆసుపత్రి రిజిస్టరు, గాలిలో ధూళి కొలతలు, ఒక మంచి ప్రశ్న ఉంటే సరిపోయింది.

ఈ పద్ధతిని గుడ్డిగా వాడినా బోల్తా పడతాము. 2020 లాక్‌డౌన్ నెలల్లో ఫ్యాక్టరీలు ఆగాయి, ఆసుపత్రులకు వచ్చినవారూ తగ్గారు. ఆ రెంటినీ జోడించి “చూశారా” అనాలనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో జనం ఆసుపత్రికి పోవడానికే భయపడ్డారు, బస్సులు లేవు, బడులు మూసి ఉండడం వల్ల పిల్లల మధ్య మామూలు జలుబులు పాకడమూ తగ్గింది. ఒకేసారి నాలుగు మారినప్పుడు ఫలితాన్ని ఒకదానికే కట్టబెట్టకూడదు.

మీ నగరం సంగతే తీసుకుంటే, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర ఒక ప్లాస్టిక్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకై పన్నెండు మంది మరణించినప్పుడు కారణం గురించి ఎవరికీ సందేహం కలగలేదు. గంటల్లో జరిగేదానికి సాక్ష్యం కళ్లెదుటే ఉంటుంది, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా లోపలికి పోయేదానికి ఉండదు. రెండోదానిని తూచడానికే బ్రిటన్ గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1965లో తొమ్మిది కోణాలు చెప్పారు. సంబంధం ఎంత బలంగా ఉంది, వేర్వేరు చోట్ల అదే కనబడిందా, కారణం ఫలితం కంటే ముందు వచ్చిందా, మోతాదు పెరిగితే జబ్బు పెరిగిందా వంటివి అవి. వాటిని మార్కుల పట్టీలా వాడవద్దని ఆయనే హెచ్చరించారు. నా మట్టుకు అన్నిటికంటే ఎక్కువగా చూసేది మోతాదునే. పొగగొట్టానికి దగ్గరున్న వీధిలో ఎక్కువ, ఊరి చివర తక్కువ, పక్క ఊళ్లో ఇంకా తక్కువ అన్న వరుస కనిపిస్తే దానిని పేదరికంతోనో బీడీలతోనో వివరించడం కష్టం.

ప్రశ్న: ఉద్దానంలో ఇన్నేళ్లుగా కిడ్నీ జబ్బుకు కారణం తేలలేదు. ఇది సైన్సు వైఫల్యం కాదా?
— ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: జబ్బు ఉందా అన్నది ఒక ప్రశ్న, ఎందుకు వచ్చిందన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి ఉద్దానంలో జవాబు నిస్సందేహంగా ఉంది. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. కారణంగా భూగర్భజలాల్లోని సిలికా, పురుగుమందులు, ఎండలో శ్రమ, నొప్పి మాత్రలు ఇలా చాలా పరిశీలనలో ఉన్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా ఒక్క కారణం స్థిరపడలేదు. కొబ్బరి తోటల మధ్య ఇలా జరుగుతున్నదంటే, ఫ్యాక్టరీ పక్కన వచ్చే ప్రతి కిడ్నీ జబ్బునూ ఫ్యాక్టరీకే రాయడంలో ఉన్న తొందరపాటు కూడా తెలుస్తుంది. డయాలసిస్, మంచినీరు మాత్రం కారణం తేలేదాకా ఆగనక్కరలేదు.

ప్రశ్న: మా ఊరి పక్కన కొత్త కర్మాగారం రాబోతోంది. శాస్త్రవేత్తలు ఎప్పుడొస్తారో తెలియదు. ఈలోగా మేము చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక మహిళా సంఘం సభ్యురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: ఉంది. కర్మాగారం రాకముందే మొదలుపెట్టగలగడం మీకు దొరికిన అదృష్టం. పటాన్‌చెరులో ఈ అవకాశం చాలా ఊళ్లకు దొరకలేదు. “ముందు ఎలా ఉండేది” అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే తర్వాత ఎంత పెద్ద అధ్యయనం చేసినా తగవు తెగదు. కాబట్టి ఇప్పుడే నాలుగైదు బావుల, బోర్ల నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించి రిపోర్టులు పంచాయతీలో దాచండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చేయిస్తే ఇంకా మంచిది. పర్యావరణ ప్రభావ నివేదిక కోసం కంపెనీ తరఫువారు సాధారణంగా వానాకాలం కాని ఒకే కాలంలో వివరాలు సేకరిస్తారు కనుక, వానాకాలపు లెక్క మీ దగ్గర ఉండడం తర్వాత పనికొస్తుంది. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపవలసిన ప్రాజెక్టులకు కనీసం ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. ఆ సారాంశంలో మీ ఊరి నీటి గురించి రాసిన అంకెలను మీ రిపోర్టులతో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే సభలో లేచి చదివి, రాతపూర్వకంగా కూడా ఇవ్వండి.

తర్వాత ఒక రిజిస్టరు పెట్టండి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు సహకరిస్తే పని తేలికవుతుంది. తేదీ, ఎవరికి ఏ బాధ, వయసు, ఎన్నేళ్లుగా ఊళ్లో ఉంటున్నారు, ఏ బోరు నీరు తాగుతారు, ఏ పని చేస్తారు, పొగాకు అలవాటు ఉందా, డాక్టరు కాగితంలో ఏముంది అన్నవి రాయాలి. పొగ లేదా వాసన వచ్చిన రోజున సమయమూ, గాలి ఏ వైపు నుంచి వీస్తున్నదీ రాయండి. ఏమీ లేని రోజున “ఏమీ లేదు” అని కూడా తప్పకుండా రాయాలి. చెడ్డ రోజులు మాత్రమే ఉన్న పుస్తకాన్ని రేపు ఏ నిపుణుడైనా మొదటి పేజీలోనే పక్కన పెడతాడు. ఎదుటి ఊరివారు కూడా ఇలాంటి పుస్తకమే పెట్టేలా ఒప్పించగలిగితే మీకు పోలిక కూడా దొరుకుతుంది. పుస్తకంలో జనం జబ్బుల వివరాలు ఉంటాయి కాబట్టి దాన్ని అందరి చేతికీ ఇవ్వవద్దు. పేర్లకు బదులు ఇంటి నంబర్లు వేసి, ఆ నంబర్ల జాబితాను వేరే చోట తాళం వేసి ఉంచండి.